నియమం సరే, తీర్పరి ఎవరు?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడ్డాయి. కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాలను చిత్తూరు జిల్లా మదనపల్లెతో కలిపి అన్నమయ్య జిల్లా చేశారు. ఆఫీసుల ముందు బోర్డులు మార్చడం ఒక్కరోజు పని. తెలుగు వికీపీడియాలో ఆ మార్పు అంత తేలిగ్గా ముగిసేది కాదు. బెలుం గుహలు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి, లేపాక్షి అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. ప్రతి మండలం పేజీ, ప్రతి ఊరి పేజీ మొదటి వాక్యం నుంచీ దిద్దాలి. 2011 జనగణన లెక్కలన్నీ పాత జిల్లా పేరు మీద ఉన్నాయి. వాటిని అలాగే ఉంచాలా, "పూర్వపు" అని చేర్చాలా? ఇదంతా జీతంభత్యం లేని మనుషులు, పగలు సొంత ఉద్యోగం చేసుకుని రాత్రి అన్నాలయ్యాక కూర్చుని చేయాల్సిన పని.

ఇలాంటి చోట తగువు ముందు విషయం మీదే మొదలవుతుంది. ఒకరు మార్చిన వాక్యాన్ని ఇంకొకరు రద్దు చేస్తారు. మొదటాయన మళ్ళీ పెడతాడు. మూడో దఫాకు జిల్లా సంగతి వెనక్కి పోతుంది. "మీకు ఈ ప్రాంతం గురించి ఏం తెలుసు", "మీ ఊరి అభిమానం ఇక్కడ చూపొద్దు" అన్న మాటలు ముందుకొస్తాయి. బెలుం ఏ జిల్లాలో ఉందో తేల్చడానికి ప్రభుత్వ గెజిట్ ఉంది. "ఏం తెలుసు" అన్నది చర్చా, అవమానమా అని తేల్చే గెజిట్ ఎక్కడా లేదు. స్వచ్ఛంద సమూహాల్లో ప్రవర్తనా నియమాల గురించి జరిగే గొడవంతా ఆ ఖాళీని ఎవరు నింపాలన్నదాని చుట్టూ తిరుగుతుంది.

ప్రపంచంలోని వికీపీడియాలన్నిటికీ వర్తించేలా, వాటిని నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఒక నియమావళి చేసింది. దాని పేరు యూనివర్సల్ కోడ్ ఆఫ్ కండక్ట్, మన మాటల్లో సార్వత్రిక ప్రవర్తనా నియమావళి. 2021 ఫిబ్రవరిలో దాన్ని ప్రకటించారు. చదివితే కాదనాల్సినది పెద్దగా కనిపించదు. ఎదుటివారిని గౌరవించండి, వారి ఉద్దేశం మంచిదే అనుకుని మాట్లాడండి, కొత్తవారికి చేయందించండి అంటుంది. తిట్లు, బెదిరింపులు, లైంగిక వేధింపులు, వెంటపడి ప్రతి దిద్దుబాటునూ చెరపడం, ఎదుటివారి సొంత వివరాలు బయటపెట్టడం తప్పు అంటుంది. ఏయే లక్షణాల పేరుతో మనిషిని కించపరచకూడదో చెప్పే జాబితాలో మతం, జాతి, లింగం, వైకల్యం, రాజకీయాలతో పాటు కులం కూడా ఉంది. అమెరికాలో ఉన్న సంస్థ నియమావళిలో ఆ మాట కనిపించడం సీమ పాఠకుడికి ఆశ్చర్యంగా ఉంటుందేమో గానీ, అది అక్కడ ఉండాల్సిన అవసరం గురించి ఎవరూ అతనికి వివరించనక్కర్లేదు.

మరి ఇంత మంచి పత్రం మీద గొడవ ఎందుకు? జవాబు నియమావళి పుట్టకముందే, 2019లో దొరుకుతుంది. ఆ ఏడాది జూన్‌లో ఇంగ్లీషు వికీపీడియాలో దీర్ఘకాలంగా పనిచేస్తున్న ఒక నిర్వాహకుణ్ణి, అంటే నియమాలు మీరినవారిని రాయకుండా ఆపే అధికారం ఉన్న వాడుకరిని, ఫౌండేషన్ నేరుగా ఏడాదిపాటు నిషేధించింది. ఫిర్యాదు చేసిందెవరో, ఏ మాటకో చెప్పలేదు. అప్పీలుకు దారి లేదు. అక్కడి సముదాయం భగ్గుమంది. తోటి నిర్వాహకులు ఆ నిషేధాన్ని ఎత్తేశారు, ఫౌండేషన్ మళ్ళీ పెట్టింది, పలువురు నిర్వాహకులు రాజీనామాలు విసిరారు. చివరికి వాడుకరులే ఎన్నుకున్న మధ్యవర్తిత్వ సంఘం కాగితాలు చూసి, సెప్టెంబరులో నిషేధాన్ని రద్దు చేసింది. నిర్వాహక హోదా మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆ మనిషి మాటతీరు కటువుగా ఉండేదని ఒప్పుకున్నవాళ్ళు కూడా ఫౌండేషన్‌ను తప్పుపట్టారు. వాళ్ళ కోపం శిక్ష మీదకన్నా శిక్ష వేసిన తీరు మీద. ఆ మనిషిని ఏరోజూ చూడనివాళ్ళు, తలుపులు మూసి, తమను ఒక్క మాటైనా అడక్కుండా తీర్పు చెప్పారన్నది వాళ్ళ బాధ.

ఆ అనుమానం నియమావళి అమలు మార్గదర్శకాల మీద కూడా పడింది. 2022 మార్చిలో వాటి మీద ఓటింగు పెడితే రెండు వేలకు పైగా వాడుకరులు పాల్గొన్నారు. దాదాపు 59 శాతం మందే ఔనన్నారు. చట్టసభలో అయితే అది గెలుపే. ఇష్టపడి పనిచేసే సమూహంలో ప్రతి అయిదుగురిలో ఇద్దరు వద్దన్నదాన్ని అమలు చేయబోతే, ఆ ఇద్దరు లేచి వెళ్ళిపోవచ్చు, వాళ్ళను ఆపే కట్టుబాటు ఏదీ లేదు. ఫౌండేషన్ పాలకమండలి ఆ సంగతి గ్రహించి మార్గదర్శకాలను వెనక్కి పంపింది. హోదా ఉన్నవారంతా నియమావళికి కట్టుబడతామని ప్రకటించి తీరాలన్న షరతు, తప్పనిసరి శిక్షణ, ఫిర్యాదుదారు గోప్యతకూ నిందితుడి వాదన వినడానికీ మధ్య తూకం మళ్ళీ చర్చకు వచ్చాయి. 2023 జనవరిలో రెండోసారి ఓటింగు పెడితే మూడు వేలకు పైగా వచ్చి ఓటేశారు, 76 శాతం ఔనన్నారు. ఏడాది తిరక్కుండా సమూహం మనసు అంతగా మారడానికి తిట్ల జాబితాలో చేసిన మార్పులేవీ కారణం కాదు. మారింది విచారణ పద్ధతి.

ఇక్కడివరకూ కథ ఎక్కువగా ఇంగ్లీషు వికీపీడియాది. దాన్ని తెచ్చి తెలుగు మీద అలాగే పరిస్తే లెక్క తప్పుతుంది. అక్కడ నిర్వాహకులు వందల్లో ఉంటారు. ఒకరితో పడకపోతే ఆ మొహం ఎన్నడూ చూడని ఇంకొకరు వచ్చి విచారిస్తారు. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో చురుగ్గా ఉండే నిర్వాహకులు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. మధ్యవర్తిత్వ సంఘం లేదు. అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు, పనితీరు కూడా చాలావరకు దానిలాగే ఉంటుంది. ఫిర్యాదు చేసేవారు, ఎదుర్కొనేవారు, సర్దిచెప్పేవారు ఒకరికొకరు తెలిసినవాళ్ళే, కలిసి సమావేశాలకు వెళ్ళినవాళ్ళే. దూరాన ఉన్న తీర్పరి ఇంగ్లీషువాళ్ళకు పెత్తందారుగా కనిపించాడు. చిన్న భాషల్లో అదే దూరం కొందరికి ఊపిరి తీసుకునే చోటు అవుతుంది. క్రొయేషియన్ వికీపీడియాలో ఒక ముఠా నిర్వాహక హోదాలు చేతిలో పెట్టుకుని దాదాపు పదేళ్ళు చరిత్రను తమకు నచ్చినట్టు రాసుకుంది, కాదన్నవారిని రాయకుండా నిరోధించింది. స్థానికంగా అడిగే దిక్కు లేకపోయింది. ఫౌండేషన్ ఆ వ్యవహారం మీద నివేదిక ప్రచురించింది 2021లో. తెలుగులో అంతటి పరిస్థితి ఉందని కాదు. కానీ "మా ఇంటి గొడవ మేం తీర్చుకుంటాం" అన్న మాట ఎప్పుడూ ప్రజాస్వామ్యం తరఫునే పలుకుతుందని నమ్మడానికి లేదు.

సీమ గురించిన పేజీల్లో ఈ గొడవలకు పదును ఎందుకు ఎక్కువో చెప్పాలంటే ఆ పేజీల్లో ఉన్నదేమిటో చూడాలి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని తీసుకోండి. 1846లో కుంఫిణీ మీద తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కినవాడు. ఆయనను తొలి స్వాతంత్ర్య సమర యోధుడు అనాలని ఒక వాదం. ఇనాము, భరణం దగ్గర మొదలైన పాలెగాడి తిరుగుబాటు అని ఇంకో వాదం. 2019లో ఆయన కథతో భారీ సినిమా వచ్చాక, సినిమాలో చూసింది చరిత్రగా చెప్పేవాళ్ళు కూడా చేరారు. ఈ మూడు వైపులవాళ్ళనూ ఒక పేజీలో కూర్చోబెడితే, రెండో రోజుకే ఎవరి ఇంటిపేరు ఏమిటన్న ఆరా మొదలయ్యే అవకాశం ఉంది. వేమన పుట్టిందెక్కడ అన్న ప్రశ్న ఇంకా పాతది. కటారుపల్లెలో సమాధి ఉందన్నది అందరూ చెప్పేదే, పుట్టిన ఊరి దగ్గర మాత్రం పేచీ. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళు ఆంధ్ర రాష్ట్ర రాజధాని, కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నేటికీ ఇక్కడి సభల్లో వినిపించే మాట. రాజధాని పేజీలో ఒక విశేషణం మార్చినా అది రాజకీయమే. "తటస్థ దృక్కోణం" అని నియమం రాసుకున్నంత మాత్రాన ఆ వేడి దిగదు.

ఇవన్నీ పెద్ద పేజీలు. అసలైన రాపిడి చిన్న ఊళ్ళ పేజీల్లో, "గ్రామ ప్రముఖులు" అన్న శీర్షిక కింద జరుగుతుంది. పత్తికొండ వైపు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి వచ్చాడనుకుందాం. తన ఊరి పేజీ చూశాడు, జనాభా లెక్కలు తప్ప మనుషులు కనిపించలేదు. బడి కట్టించిన పాత సర్పంచి పేరు చేర్చాడు. పది నిమిషాల్లో అది పోయింది, "మూలం లేదు" అని రెండు మాటలు మిగిలాయి. మళ్ళీ చేర్చాడు. ఈసారి అతని చర్చా పేజీలో ముందే రాసిపెట్టుకున్న హెచ్చరిక మూస పడింది, దుశ్చర్యలు ఆపకపోతే నిరోధం తప్పదన్న ధోరణిలో. నియమాల ప్రకారం చూస్తే చెరిపినాయన చేసింది సరైనదే. సీమలో ఏ ఊరి ప్రముఖులను రాయాలన్నా రెండు వర్గాలు ఉంటాయి, మూలం అడగకపోతే ఆ పేజీ ఎన్నికల కరపత్రం అవుతుంది. కానీ తన ఊరి పెద్దాయన పేరు రాస్తే "దుశ్చర్య" అనిపించుకున్న కుర్రాడికి ఆ తర్కం ఎక్కడం కష్టం. అతను ఒక ఘాటైన మాట అంటాడు. ఇప్పుడు ప్రవర్తనా నియమావళిని మీరింది ఎవరు? పత్రం చదివితే కుర్రాడే.

ఇక్కడే నియమాలు వద్దనేవారి వాదనలో బలమైన భాగం ఉంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యకూడదు. మర్యాద నియమాలు నెమ్మదిగా, చల్లగా గాయపరచేవాణ్ణి వదిలేసి, నొచ్చుకుని అరిచినవాణ్ణి పట్టుకుంటాయి. పైగా గౌరవం అన్నది ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా పలుకుతుంది. అనంతపురంలో "అట్ల రాస్తే ఎట్లప్పా" అనడంలో చనువే తప్ప చులకన లేదు. కడప మనిషి తనకన్నా చిన్నవాణ్ణి "అబ్బీ" అన్నా అంతే. అదే మాట గొంతు లేకుండా, ముఖం లేకుండా, తెర మీద అక్షరాలుగా విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న మనిషికి చేరితే రెండు రకాలుగానూ ధ్వనించవచ్చు. తెలుగు వికీపీడియన్లు చర్చల్లో ఒకరినొకరు "గారు" అనుకునే అలవాటు చేసుకున్నది అందుకేనేమో. అయితే "గారు" తగిలించి కూడా మనిషిని నిలువునా కోయవచ్చు. ఆ విద్యలో మన భాషకు సాటి వచ్చేవి తక్కువ.

ఇంత ఒప్పుకున్నాక కూడా, నియమావళి లేకుండా పెద్దల రాజీతో సరిపెట్టుకుందాం అన్నది మేలైన దారిలా కనిపించదు. సీమ పల్లెల్లో తగువు పోలీసు స్టేషన్ దాకా పోకముందే పెద్దమనుషుల దగ్గరికి వెళ్తుంది. ఇద్దరినీ చెరి నాలుగు మాటలు అని, "సర్దుకుపోండి" అని పంపుతారు. ఆ పద్ధతి పనిచేయడానికి ఒక కారణం ఉంది. ఇద్దరూ రేపు పొద్దున అదే వీధిలో నడవాలి, అదే కాలువ నీళ్ళు వంతులేసుకోవాలి. స్వచ్ఛందంగా రాసేవాడికి ఆ కట్టు లేదు. రాజీ నచ్చకపోతే లాగౌట్ అవుతాడు, అంతే. కాబట్టి ఇక్కడ రాజీ ఎప్పుడూ ఉండిపోయేవాడి వైపు, అంటే పాతవాడి వైపు మొగ్గుతుంది. వెళ్ళిపోయినవాడు ఓడిపోయినట్టు కూడా నమోదు కాదు. దిద్దుబాటు చరిత్రలో ప్రతి అక్షరం మార్పూ తేదీతో, గంటతో సహా ఉంటుంది, ప్రతి నిరోధానికీ చిట్టా ఉంటుంది. ఎవరు ఎందుకు రావడం మానేశారో చెప్పే చిట్టా మాత్రం ఏ వికీలోనూ లేదు. ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ నిజం. ఒక పేజీలో వాదించిన పాపానికి ఆ రాత్రి మెసెంజరులో అనవసరపు పలకరింపు వస్తే, రచ్చబండకెక్కి చెప్పుకోవాలంటే చెప్పుకున్నదాని గురించే మళ్ళీ చర్చ నడుస్తుంది. చాలామందికి మానేయడమే సుఖం. సార్వత్రిక నియమావళి వికీ పేజీల దగ్గరే ఆగకుండా సమావేశాలనూ, వాడుకరుల మధ్య ప్రైవేటుగా నడిచే సంభాషణలనూ తన పరిధిలోకి తెచ్చుకుంది. దాని మీద "ఇంత లోపలికి చొరబడాలా" అన్న విమర్శ ఉంది. మెసెంజరు ఉదాహరణ చూశాక ఆ విమర్శ కాస్త బలహీనపడుతుంది.

పాతవాళ్ళ పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం. వేల దిద్దుబాట్లు చేసిన మనిషి మాట పెళుసుగా ఉన్నా సర్దుకుపోదాం అనే ధోరణి వెనక ఉన్నది మొహమాటమొక్కటే అనుకోకూడదు. చేతులు తక్కువ ఉన్నచోట ఒక మనిషి పోతే కొన్ని వందల ఊళ్ళ పేజీలు దిక్కులేనివవుతాయి. నంద్యాల జిల్లా మండలాలన్నీ ఒక్కడే ఓపిగ్గా సరిచేస్తున్నాడనుకుంటే, అతణ్ణి నెల రోజులు నిరోధించడం అంటే ఆ పనిని నెల రోజులు నిరోధించడమే. ఆ నష్టం కంటికి కనిపిస్తుంది, లెక్కకు అందుతుంది. అతని మాట పడలేక మానేసిన నలుగురు రాయబోయే పేజీలు ఏ లెక్కకూ అందవు. నియమావళి ఈ విషయంలో మొహమాటపడలేదు. హోదాను, నైపుణ్యాన్ని, చేసిన సేవను చూసి మినహాయింపు ఇవ్వబోమని అందులో సూటిగా రాశారు. సీనియారిటీని, పరిచయాలను అడ్డం పెట్టుకుని ఎదుటివారిని బెదిరించడాన్ని అధికార దుర్వినియోగంలో చేర్చారు. తెలుగు సమూహానికి మొత్తం పత్రంలో పనికొచ్చే వాక్యాలు ఏవి అంటే ఈ రెండే చూపించాలి. అమలు చేయడం కష్టమైనవి కూడా ఇవే.

గోప్యత దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఎదుటివారి సొంత వివరాలు, పనిచేసే చోటు అనుమతి లేకుండా బయటపెట్టడం నియమావళిలో పెద్ద తప్పు. చిన్న ఊళ్ళలో ఇది ఆలోచన లేకుండానే జరిగిపోతుంది. "ఈయన ఫలానా హైస్కూల్లో అయ్యవారే కదా" అని చర్చలో ఒకరు పరిచయంగా అంటారు. అన్నవారి ఉద్దేశంలో చెడు లేదు. కానీ ఆ అయ్యవారు వర్గపోరున్న ఊరి పేజీలో ఒక నాయకుడి కేసుల గురించి మూలంతో సహా రాసి ఉంటే, ఆ పరిచయం నేరుగా అతని ఇంటి గుమ్మం దాకా వెళ్తుంది. 2024లో ఏఎన్‌ఐ వార్తాసంస్థ వికీమీడియా ఫౌండేషన్ మీద దావా వేసినప్పుడు, ఆ సంస్థ గురించిన పేజీ దిద్దిన వాడుకరుల వివరాలు ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించడంతో దేశంలోని వికీపీడియన్లకు ఈ భయం కొత్తగా అర్థమైంది. కోర్టు అడగడం వేరు, దానికి ఒక పద్ధతీ పై కోర్టూ ఉన్నాయి. తోటి వాడుకరి నోటి దురుసుకు, లేదా నోటి చనువుకు, అప్పీలు లేదు. గోప్యత నియమం అనవసరమని వాదించేవారు ఈ రెంటినీ కలిపి చూడటం మంచిది.

పద్ధతి విషయంలో 2023 మార్గదర్శకాలు చెప్పేది ఇది. మామూలు గొడవలు ఆయా భాషల వికీలే చూసుకోవాలి. శారీరక హాని బెదిరింపుల్లాంటివి ఫౌండేషన్ చూస్తుంది. స్థానిక వ్యవస్థ చేయలేకపోయినా, చేయకపోయినా, ప్రపంచ స్థాయిలో ఎన్నికైన సమన్వయ సంఘం దగ్గరికి వెళ్ళవచ్చు. దాన్ని పొట్టిగా యూఫోర్‌సీ అంటున్నారు. పదహారు సీట్లు, సగం సార్వత్రికం, సగం ప్రాంతాల వారీగా. దక్షిణాసియాకు ఒక ప్రాంతీయ సీటు ఉంది. 2024లో జరిగిన తొలి ఎన్నికలో అన్ని సీట్లకూ సరిపడా ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థులు దొరకలేదు. తీర్పరిగా కూర్చోవడానికి ముందుకు రావడమూ స్వచ్ఛంద సేవే మరి, తిట్లు ఎక్కువ, పొగడ్త తక్కువ.

కాగితం మీద ఇది సమంజసమైన ఏర్పాటు. తెలుగులో దానికి ఎదురయ్యే మొదటి అడ్డంకి భాష. పత్తికొండ కుర్రాడు రేపు తన గోడు పై సంఘానికి చెప్పుకోవాలంటే, గొడవ జరిగిన చర్చా పేజీలన్నీ తెలుగులో ఉన్నాయి, విచారించేవారిలో తెలుగు చదివేవారు ఉంటారన్న హామీ లేదు. యంత్రానువాదం పెడితే "ఎట్లప్పా"లోని చనువు పోతుంది, "గారు" చాటున ఉన్న వాత కూడా పోతుంది. మిగిలేది రెండు వైపులా తెలిసిన తెలుగు వికీపీడియన్ ఎవరో ఒకరు కూర్చుని ఇంగ్లీషులోకి మార్చిపెట్టడం. అలా చేయగలిగినవారు ఆ వేళ్ళమీద లెక్కపెట్టే మందిలోనే ఉంటారు, బహుశా ఆ గొడవలో ఏదో ఒక వైపు ఇప్పటికే మాట్లాడి ఉంటారు కూడా. కన్నడ, తమిళ, మలయాళ వికీలకూ ఇదే ఇబ్బంది కాబట్టి, తెలుగు ఫిర్యాదుకు పక్క భాషల్లో ఉంటూ తెలుగు చదవగలిగినవారితో అనువాదం చేయించడం ఒక దారి. అనంతపురం, కర్నూలు జిల్లాల సరిహద్దు ఊళ్ళలో తెలుగు, కన్నడ రెండూ చదివేవారికి కొదవలేదు. వాళ్ళలో ఎంతమంది ఈ పనికి పేరిస్తారన్నది రచ్చబండలో ఎవరైనా ప్రతిపాదన పెడితే గానీ తేలదు.